‘బాగా’ కరగడం అంటే ఏమిటండీ?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక పిల్లల పేజీలో వచ్చిన సైన్సు క్విజ్ గురించి ఈ ఉత్తరం. అందులో ఐదో ప్రశ్న ఇది: ‘నీళ్ళలో చక్కెర బాగా కరగాలంటే ఏం చేయాలి?’ అ) నీళ్ళు వేడి చేయాలి, ఆ) కలపాలి, ఇ) రెండూ. సరైన జవాబు ‘రెండూ’ అని పేజీ అడుగున తలకిందులుగా అచ్చేశారు. మా మనవరాలు ‘అ’ పెట్టింది. పదికి తొమ్మిదే వచ్చాయని పేపరు తెచ్చి నా ఒళ్ళో పడేసి, “అమ్మమ్మా, కలిపినంత మాత్రాన ఎక్కువ కరగదని నువ్వే కదా చెప్పావు! నీవల్లే ఒకటి పోయింది” అని అలిగింది.

నిజమే, చెప్పింది నేనే. ఇప్పటికీ అదే చెప్తాను.

అయితే మిమ్మల్ని పూర్తిగా తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. తిరకాసంతా ‘బాగా’ అన్న మాటలో ఉంది. మనం ఆ మాటను త్వరగా అనడానికీ వాడతాం, ఎక్కువగా అనడానికీ వాడతాం. బాగా నడిచాడు అంటే వేగంగా నడిచాడా, చాలా దూరం నడిచాడా? బాగా కరగడం అంటే త్వరగా కరగడం అయితే మీ జవాబు ఒప్పే. కానీ జవాబు కింద ఇచ్చిన వివరణ ఆ దారి కూడా మూసేసింది. ‘కలపడం వల్ల నీటిలో ఎక్కువ చక్కెరకు చోటు దొరుకుతుంది. కలిపితే నీళ్ళ వేడి తగ్గిపోతుంది కాబట్టి ఎక్కువసేపు కలపకూడదు’ అని రాశారు. ఇందులో మొదటి వాక్యం తప్పు. రెండోదానిలో సగం తప్పు, మిగిలిన సగం నిజమే కానీ దానికి కారణం వేరు.

ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానంటే, మాత్రలు తయారుచేసే ఒక కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆ ఏళ్ళలో ఎక్కువ భాగం డిసల్యూషన్ మెషీన్ ముందే గడిచింది. మాత్ర ఎంతసేపటికి ఎంత కరుగుతోందో చూసే యంత్రం అది. పొద్దున వెళ్ళి తిప్పడం మొదలుపెట్టి, సాయంత్రం తిప్పడం ఆపి ఇంటికి రావడమే నా ఉద్యోగం. మా ఆయన “జీతమంతా గరిటె తిప్పినందుకేనా” అని ఎగతాళి చేసేవారు. ఒకరకంగా నిజమే.

ఆ యంత్రంలో వరుసకు మూడు చొప్పున ఆరు గాజు పాత్రలు ఉంటాయి. అడుగు గుండ్రంగా ఉంటుంది. ఒక్కోదానిలో సాధారణంగా 900 మిల్లీలీటర్ల ద్రవం పోస్తాం. అవి మునిగే తొట్టెలో నీటిని అటూ ఇటూ అర డిగ్రీకి మించి తేడా రాకుండా 37 డిగ్రీల దగ్గర ఉంచాలి, అంటే ఒంటి వేడి దగ్గర. పైనుంచి ఒక కడ్డీ, దాని చివర చిన్న తెడ్డు. మేం ప్యాడిల్ అనేవాళ్ళం. అది పాత్ర అడుగుకు సరిగ్గా 25 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండి, చాలా మాత్రలకు నిమిషానికి 50 చుట్లు తిరుగుతుంది. మాత్ర జారవిడిచిన క్షణం నుంచి గడియారం చూసుకుంటూ, చెప్పిన నిమిషానికి కాస్త ద్రవం సిరంజితో తీసి, వడగట్టి, అందులోకి ఎంత మందు వచ్చిందో కొలుస్తాం.

ఇంత కట్టుదిట్టం ఎందుకో చేరిన కొత్తలో నాకు అర్థం కాలేదు. మాత్ర కరగాల్సింది కరుగుతుంది కదా, 50 అయితే ఏంటి, 60 అయితే ఏంటి అనుకునేదాన్ని. ఒకరోజు ఒక బ్యాచ్ ఫెయిలైంది. 30 నిమిషాల్లో 80 శాతం మందు బయటికి రావాల్సిన చోట 70 దగ్గరే ఆగింది. ప్రొడక్షన్ నుంచి ఒకాయన మెట్లెక్కి వచ్చి, ఎవరూ వినకుండా నెమ్మదిగా అడిగారు: “మేడమ్, ఒకసారి 75 మీద పెట్టి చూడండి.” పెడితే పాసవుతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పెట్టలేదు. దానికి ఆయన నాతో ఆరునెలలు మాట్లాడలేదు, అది వేరే సంగతి.

ఇంతకీ మీ క్విజ్‌కు పనికొచ్చే ముక్క ఆ తర్వాత జరిగింది. అలాంటి బ్యాచ్ వచ్చినప్పుడు పరీక్ష చివర మేం ఇంకో పని చేస్తాం. రావాల్సిన రీడింగులన్నీ అయ్యాక ప్యాడిల్ వేగాన్ని ఒక్కసారిగా 200కు పెంచి పావుగంట తిప్పి, ఆఖరి శాంపిల్ తీస్తాం. ల్యాబు భాషలో దాన్ని ఇన్ఫినిటీ పాయింట్ అంటారు. పేరు పెద్దదే కానీ పని చిన్నది, మాత్రలో ఉన్న మందంతా బయటికి వచ్చేసిందా లేదా అని చూడటం. ఆ రోజు అది 99కి వచ్చింది. మంచి బ్యాచ్‌దీ అంతే వచ్చేది. అంటే మందు తక్కువ పడలేదు, నెమ్మదిగా వస్తోంది. చివరికి చేరే చోటు ఒకటే, దారిలో పట్టే సమయమే వేరు. తిప్పే వేగం మార్చగలిగింది ఆ సమయాన్నే.

ఇక నీళ్ళలో ఎంత చోటు ఉంటుందన్న విషయం. అది నీళ్ళకూ, అందులో వేసే పదార్థానికీ, వేడికీ సంబంధించింది. చెంచాకు అందులో ప్రమేయం లేదు. 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్ళు దాదాపు 200 గ్రాముల చక్కెరను పట్టుకోగలవు. పిల్లలు నమ్మరు కానీ నీటి బరువుకు రెట్టింపు. 80 డిగ్రీలకు తీసుకెళ్తే అది 360 గ్రాముల దాకా పోతుంది. అందుకే మీ జవాబుల్లో ‘అ’ ఎక్కువగా కరగడానికీ, త్వరగా కరగడానికీ రెండింటికీ సరిపోతుంది. ఉప్పు మాత్రం మొండిది. మామూలు గది వేడిలో 100 గ్రాముల నీటికి 36 గ్రాములు, నీళ్ళు మరిగే వేడిలో కూడా 39 గ్రాములే. ఈ అంకెలు ఒక నిమిషం కలిపినా అవే, గంట కలిపినా అవే.

మాటలతో మనవరాలు ఊరుకోలేదు. “చూపించు” అంది. చూపించడానికి ఉప్పే సులువు, చక్కెరైతే డబ్బా ఖాళీ అవుతుంది. వంటింటి తూకం మీద 100 గ్రాముల నీళ్ళు, 40 గ్రాముల ఉప్పు తూచి గాజు గ్లాసులో పోశాం. వంటింటి డిజిటల్ థర్మామీటరు కూడా పక్కన పెట్టుకున్నాం. చెంచా దాని చేతికిచ్చి, “ఇది మొత్తం కరిగిస్తే మీ పేపరే కరెక్టు” అన్నాను.

మొదటి రెండు నిమిషాలు ఉప్పు కళ్ళముందే తగ్గిపోతుంటే దాని మొహం వెలిగిపోయింది. నీళ్ళు కాస్త మసకబారాయి. ప్యాకెట్ ఉప్పు గడ్డకట్టకుండా కలిపే పొడి వల్ల అలా అవుతుంది, ఉప్పు తప్పు కాదు. ఐదో నిమిషానికి అడుగున పల్చటి పొర మిగిలింది. పదో నిమిషానికీ అదే పొర. చెంచా తిప్పుతుంటే లేస్తుంది, ఆపగానే ఇసుకలా మళ్ళీ కిందికి దిగుతుంది. చెయ్యి మార్చింది. నిలబడి తిప్పింది. వాళ్ళ నాన్నను పిలిచింది. పావుగంట తర్వాత తండ్రీ కూతుళ్ళిద్దరూ ఓడిపోయి కూర్చున్నారు. ఉప్పు నాలుగు గ్రాములు అలాగే ఉంది. ఒక పెద్ద చెంచాడు నీళ్ళు పోశాను. రెండు తిప్పులకు పోయింది.

అప్పుడు అది థర్మామీటరు చూసి ఎగిరి గంతేసింది. “అమ్మమ్మా, రెండు డిగ్రీలు తగ్గింది! కలిపితే చల్లారుతుందని పేపర్లో రాసింది కరెక్టే!”

సంపాదకుల వారూ, ఒక్క క్షణం నాకూ నోట మాట రాలేదు. పిల్లలు ఇలా దొరకబుచ్చుకుంటారు. నీళ్ళు గది వేడిలోనే ఉన్నవి, వాటికి ఇంకా చల్లారే అవసరమేముంది? ఇంకో గ్లాసులో ఉప్పు లేకుండా ఉత్తనీళ్ళు పోసి అంతసేపే తిప్పమన్నాను. అంకె కదల్లేదు. అంటే చల్లబరిచింది చెంచా కాదు, ఉప్పు. ఉప్పు స్ఫటికంలోని కట్లు తెగడానికి కొంత వేడి కావాలి, దాన్ని అది నీళ్ళ దగ్గరే తీసుకుంటుంది. చక్కెర కూడా తీసుకుంటుంది కానీ చాలా కొంచెం. నవసాగరం, యూరియా ఇంకా గట్టిగా లాగేసుకుంటాయి, గ్లాసు బయట పట్టుకుంటే చేతికి తెలుస్తుంది. కాల్షియం క్లోరైడ్ వేస్తే అందుకు ఉల్టా, నీళ్ళు వేడెక్కుతాయి. కరగడం వేరు, కలపడం వేరు అని పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి ఆట నాకు తెలియదు. ఈసారి మీ పేజీలో ఇది వేయండి.

అసలు కలపడం వల్ల నీళ్ళు చల్లారవు, వేడెక్కుతాయి. ఈ మాట వినగానే చాలామంది నవ్వుతారు. 1840లలో ఇంగ్లండులో జేమ్స్ జౌల్ చెప్పినప్పుడు కూడా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆయన రాగి పాత్రలో నీళ్ళు పోసి, అందులో తెడ్లు పెట్టి, తాడుకు కట్టిన బరువులు కిందికి దిగుతుంటే ఆ తెడ్లు తిరిగే ఏర్పాటు చేశాడు. ఊరికే నీళ్ళు తెడ్డుతోపాటు గిర్రున తిరిగిపోకుండా పాత్ర గోడలకు అడ్డు పలకలు కూడా పెట్టాడు. బరువులను 20 సార్లు పైకి చుట్టి కిందికి దించితే నీటి వేడి పెరిగింది అర డిగ్రీకి కాస్త పైన, అదీ ఫారెన్‌హీట్‌లో. అంత చిన్న మార్పును కొలవగల థర్మామీటరు, అంత ఓపిక ఆయనకు ఉండబట్టి పని వేడిగా మారుతుందన్నది తేలింది. ఒక పౌను నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కించాలంటే 772 పౌన్ల బరువు ఒక అడుగు దిగాలని 1850లో అచ్చువేశాడు. మనం ఇప్పుడు గ్రాము నీటికి ఒక సెల్సియస్ డిగ్రీ పెరగాలంటే 4.18 జౌల్స్ అంటున్నది దానికి దగ్గర లెక్కే. ఆ కొలతకు పేరు కూడా ఆయనదే.

మరి చెంచాతో తిప్పితే వేడి తగ్గుతోందేమిటి? లెక్క చూడండి. 200 గ్రాముల వేడినీళ్ళ గ్లాసు. ఒక డిగ్రీ పెరగాలంటే దాదాపు 840 జౌల్స్ కావాలి. మన చెయ్యి నీళ్ళకు సెకనుకు అర జౌల్ ఇస్తుందనుకుందాం. ఒక్క డిగ్రీ పెంచడానికి దాదాపు అరగంట తిప్పాలి, అదీ ఈలోపు వేడి ఎటూ పోకపోతే. 80 డిగ్రీల దగ్గరున్న గ్లాసేమో నిమిషానికి రెండు డిగ్రీల లెక్కన చల్లారుతుందనుకోండి, ఆ నిమిషంలో పోయేది 1,700 జౌల్స్ దాకా, చెంచా ఇచ్చేది 30. చెంచా ఇచ్చే వేడి లెక్కలోకి రాదు.

వేడి ఎక్కువగా పోయేది పైనుంచి, ఆవిరి రూపంలో. ఒక్క గ్రాము నీళ్ళు ఆవిరైతే ఆ 200 గ్రాముల గ్లాసు రెండున్నర డిగ్రీలకు పైనే చల్లారుతుంది. కలిపినప్పుడు అడుగునున్న వేడినీళ్ళు పైకి వచ్చి గాలికి తగులుతాయి. పైన ఉపరితలం గుంటపడి, అలలు లేచి కాస్త పెద్దదవుతుంది. చల్లటి స్టీలు చెంచా పెట్టగానే అది కూడా తన వంతు అర డిగ్రీయో, ముప్పావు డిగ్రీయో తాగేస్తుంది. ఇవన్నీ కలిసి చల్లబరుస్తాయి. తిప్పడం అనే పని కాదు. మూత బిగించిన ఫ్లాస్కులో నీళ్ళను ఊపి చూడండి, ఊపనిదానికీ దీనికీ తేడా కనిపించదు.

ఇది కూడా ఇంట్లో చూశాం. ఒకే రకం గ్లాసులు రెండు, ఒకే కెటిల్ నీళ్ళు. ఒకదానిలో చెంచా పెట్టి వదిలేశాం, ఇంకోదాన్ని మనవరాలు ఆపకుండా తిప్పింది. పది నిమిషాల తర్వాత తేడా మూడు డిగ్రీల లోపే ఉంది. “ఇంతేనా!” అని నీరసపడింది. ఇంతే. ఎందుకంటే కలపని గ్లాసు కూడా తనను తాను కలుపుకుంటూనే ఉంటుంది. పైన చల్లబడిన నీళ్ళు బరువెక్కి కిందికి దిగుతాయి, వేడివి పైకి వస్తాయి. మనం తిప్పకముందే సగం పని జరిగిపోతోందన్నమాట. త్వరగా చల్లారాలంటే తిప్పడంకన్నా వెడల్పాటి గిన్నెలో పోసుకోవడం మేలు.

అదే వేడి పైన, చల్లదనం అడుగున ఉంటే నీళ్ళు తమంతట తాము కలవవు. ఇది నేను ఉద్యోగంలో చీవాట్లు తిని నేర్చుకున్నాను. మెషీన్ తొట్టెలో నీటిని తిప్పే పంపు ఒకరోజు చప్పుడు లేకుండా ఆగిపోయింది. థర్మామీటరు 37 చూపిస్తోంది కదా అని నేను మాత్రలు వేసేశాను. హీటరు పక్కనున్న పాత్రల్లో మాత్రలు చకచకా కరుగుతున్నాయి, చివర ఉన్నవి బద్ధకంగా ఉన్నాయి. మాత్రలదే లోపమని రాయబోతుంటే మా సీనియరు సారు వచ్చి తొట్టెలో చెయ్యి పెట్టారు. పైన గోరువెచ్చగా ఉంది, మోచేయి దాకా దించితే చల్లగా ఉంది. “థర్మామీటరు తాను మునిగినచోటి సంగతే చెప్తుందమ్మా, తొట్టె మొత్తం సంగతి నువ్వు చూసుకోవాలి” అన్నారు. రోజు పని మొత్తం పారబోసి మళ్ళీ చేశాను. ఇప్పటికీ స్నానానికి బకెట్లో చెయ్యి పెట్టి కలిపితేగానీ నాకు నమ్మకం కుదరదు.

అసలు ప్రశ్నకు వస్తాను. చెంచా ఏం చేస్తోంది మరి? చక్కెర గింజ చుట్టూ ఉన్న నీళ్ళను దగ్గరగా ఊహించుకోండి. గింజ ఒంటికి అంటుకున్న సన్నని పొర క్షణంలో తీపితో నిండిపోతుంది, ఇక పట్టదు. ఆ తీపి అక్కడినుంచి దూరంగా పోతేనే గింజ ఇంకాస్త కరగగలదు. కదలని నీళ్ళలో అది పోయే వేగం నత్తకన్నా ఘోరం. చక్కెర అణువులు ఒక సెంటీమీటరు దూరం పాకడానికి ఒక రోజుకు పైనే పడుతుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. దూరం రెట్టింపైతే పట్టే సమయం నాలుగు రెట్లవుతుంది. ఐదు సెంటీమీటర్లకు దాదాపు నెల. ఎవరు ఆగుతారండీ? చెంచా ఆ నెలను అర నిమిషం చేస్తుంది. తీపినీళ్ళను తీసుకెళ్ళి దూరంగా పెట్టి, ఖాళీనీళ్ళను గింజ దగ్గరికి తెస్తుంది. అంతే దాని పని.

నీళ్ళలో ఇంకా ఎంత చోటు మిగిలి ఉందో దాన్నిబట్టి కరిగే వేగం ఉంటుందని 1897లో అమెరికాలో నోయెస్, విట్నీ అనే ఇద్దరు రాశారు. చోటు నిండేకొద్దీ వేగం తగ్గుతుంది, నిండాక సున్నా. మా ల్యాబులో ఈ సూత్రం తెలియనివాళ్ళకు ఉద్యోగం ఇచ్చేవారు కాదు. మాత్రలోని మందు మొత్తం పట్టడానికి ఎన్ని నీళ్ళు కావాలో, కనీసం దానికి మూడు రెట్లు పోసి పరీక్షించేది కూడా అందుకే. చోటు చాలక మందు ఆగిపోతే ఆ పాపం మాత్రకు తగలకూడదు కదా. తర్వాత 1904లో నెర్న్‌స్ట్, బ్రునర్ ఆ సన్నటి పొర సంగతి లెక్కలోకి తెచ్చారు. ఎంత గట్టిగా తిప్పినా ఆ పొర పల్చబడుతుందే తప్ప పూర్తిగా పోదు. గింజను తాకే నీళ్ళు గింజతోనే అంటుకుని ఉంటాయి. అందుకే రెట్టింపు వేగంతో తిప్పితే రెట్టింపు త్వరగా కరుగుతుందనుకోకండి. తిరిగే బిళ్ళ మీద చేసే లెక్కలో వేగం నాలుగు రెట్లు పెంచితే కరిగే వేగం రెండు రెట్లే అవుతుంది. చెయ్యి నొప్పి మాత్రం పూర్తిగా నాలుగు రెట్లు.

తిప్పడంలో కూడా పద్ధతి ఉంది. గుండ్రంగా ఒకే దిక్కున తిప్పితే నీళ్ళన్నీ ఒక ముద్దలా చెంచాతోపాటు తిరుగుతాయి. అడుగున గింజలేమో అంచుకు పోకుండా మధ్యలోకి వచ్చి కుప్పపడతాయి. టీ కప్పులో ఆకు ఇలా మధ్యలోకి చేరడం ఎందుకో, నదులు వంపులు తిరగడం ఎందుకో ఒకే కారణంతో చెప్తూ 1926లో ఐన్‌స్టీన్ ఒక వ్యాసం రాశాడు. అడుగు రాపిడికి అక్కడి నీళ్ళు నెమ్మదిస్తాయి, వాటిని బయటికి తోసే బలం తగ్గుతుంది, దాంతో అవి మధ్యకు జారుతూ గింజల్ని లాక్కొస్తాయి. మా గాజు పాత్రల్లోనూ ప్యాడిల్ కింద సరిగ్గా మధ్యలో మాత్ర పొడి చిన్న గోపురంలా పేరుకునేది. పైన తెడ్డు తిరుగుతూనే ఉంటుంది, ఆ కుప్ప మాత్రం కదలదు. కోనింగ్ అనేవాళ్ళం దాన్ని. ఇలాంటివి చూశాకే ఫ్యాక్టరీల్లో పెద్ద ట్యాంకుల గోడలకు నిలువు పలకలు బిగిస్తారు, జౌల్ చేసినట్టే. గ్లాసులో పలకలు పెట్టుకోలేం కాబట్టి చెంచాను అటూ ఇటూ, అడుగు నుంచి పైకి కదపండి, లేదా ఒకసారి దిక్కు మార్చండి.

చెంచాయే లేకుండా చేసే కిటుకు కూడా ఒకటుంది. చక్కెరను పల్చటి గుడ్డలో మూటకట్టి నీటి పైభాగంలో మునిగేలా వేలాడదీయండి. వెలుతురుకు ఎదురుగా పెట్టి పక్కనుంచి చూస్తే మూట కిందినుంచి సన్నటి దారాలు మెలికలు తిరుగుతూ జారుతుంటాయి. తీపినీళ్ళు బరువు, కిందికి పోతాయి, ఖాళీనీళ్ళు వాటి చోటికి వస్తాయి. అడుగున వేసిన చక్కెర తన బరువైన నీళ్ళ కిందే తను కప్పబడిపోతుంది, పైన వేలాడదీసింది తనను తానే కలుపుకుంటుంది. మనవరాలికి ఈ దారాలు నచ్చినంతగా ఇంకేదీ నచ్చలేదు.

కలిపితే తగ్గే సందర్భాలు కూడా ఉన్నాయి, అది మీ క్విజ్ రాసినవారు చూసి ఉండకపోవచ్చు. సోడాను చెంచాతో తిప్పండి, కరిగి ఉన్న గ్యాసు బుసబుసా బయటికి వస్తుంది. వేడినీళ్ళలో నిండా కరిగించి కదపకుండా చల్లార్చిన ద్రావణంలో కొన్నిసార్లు పట్టాల్సిన దానికన్నా ఎక్కువ పదార్థం నిలిచి ఉంటుంది. దాన్ని గీకినా, కలిపినా ఎక్కువైనదంతా స్ఫటికాలుగా రాలిపోతుంది. అంటే నీళ్ళు ఏ అంకె దగ్గర స్థిరపడాలో ఆ అంకెకు చెంచా త్వరగా చేరుస్తుంది, పైనుంచైనా, కిందినుంచైనా. మైక్రోవేవ్‌లో నున్నటి కప్పులో కదలకుండా వేడిచేసిన నీళ్ళు కూడా ఇలాంటివే. మరిగే వేడి దాటినా మరగకుండా ఊరుకుని, చెంచా పెట్టగానే ఒక్కసారిగా మీదికి ఎగజిమ్ముతాయి. పిల్లల పేజీలో ఆ ఒక్క హెచ్చరిక వేసినా చాలు. ఇంకొకటి, ఆసిడ్‌ను నీళ్ళలో కొద్దికొద్దిగా కలుపుతూ పోయాలి తప్ప ఆసిడ్‌లో నీళ్ళు పోయకూడదని స్కూల్లో చెప్పేది కూడా ఇక్కడిదే. ఆసిడ్, నీళ్ళు కలిసినప్పుడు పుట్టే వేడి ఒకేచోట పోగుపడకూడదు.

వచ్చే ఆదివారం అదే పేజీలో చిన్న సవరణ వేస్తారని ఆశిస్తున్నాను. మొదటి పేజీ అక్కర్లేదు, తలకిందులుగా వేసినా పర్వాలేదు. ప్రశ్నలో ‘బాగా’ తీసేసి ‘ఎక్కువ’ అనో ‘త్వరగా’ అనో పెడితే సరిపోతుంది. ‘అ’ పెట్టిన పిల్లలకు ఆ ఒక్క మార్కూ కలపండి.

మా ఇంట్లో కిటికీ అరుగు మీద ఇంకో గ్లాసు ఉంది. అందులోనూ అదే 100 గ్రాముల నీళ్ళు, అడుగున అదే 40 గ్రాముల ఉప్పు. చెంచా పెట్టలేదు, నీళ్ళు ఆవిరి కాకుండా పైన మూత పెట్టాం. నీటి పైభాగం ఇంకా ఉత్తనీళ్ళలాగే ఉందని మనవరాలు రోజూ స్కూలుకు వెళ్ళేముందు స్ట్రాతో ఒక చుక్క తీసి నాలుక మీద వేసుకుని చెప్తోంది. నిన్న మాత్రం కొంచెం ఆలోచించి, “కొద్దిగా ఉప్పగా ఉందేమో అమ్మమ్మా” అంది. అది ఆరో రోజు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ ఉద్యోగిని